డాక్టరు కుగ్లరుగారు – పరిచర్యలో కలిసికట్టు

మహనీయుల చరిత్రములను వ్రాయునపుడు ఒక్కరి పేరే పైకి వచ్చుట లోకమున సామాన్యము. ఆసుపత్రి యనగానే వైద్యుని పేరును, ఆనకట్ట యనగానే ఇంజనీరు పేరును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని బెజవాడయొద్ద తొలి యానకట్ట ముగిసిన 1855వ సంవత్సరము మొదలు నేటి ప్రకాశం బ్యారేజి కాలమువరకు కృష్ణనీరు మన పామర్రు పొలములకు చేరుట ఇంజనీరు గీచిన పటముచేత మాత్రమే జరుగలేదు. పై లాకునుండి వచ్చిన కబురును లస్కరు సరిగా విని, క్రింది లాకునకు సరిగా అందింపవలెను. ఆ కబురు నడుమ తప్పిపోయినచో ఒకచోట గట్టు తెగును, మరియొకచోట నారుమడి యెండును. ఆసుపత్రియందును ఇదే న్యాయము. అచట ఒక మాట తప్పిపోయినచో ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

ఈ న్యాయమునకు తార్కాణముగా, గుంటూరునందు 47 సంవత్సరములు వైద్యసేవ చేసిన డాక్టరు అన్నా సారా కుగ్లరుగారి జీవితమును మా చదువరుల యెదుట నుంచుచున్నాము. బెజవాడ దాటి కృష్ణకావల కొంతదూరము పోయినచో గుంటూరు వచ్చును. అచటి కుగ్లరు ఆసుపత్రి పేరు మన విద్యార్థులు వినియే యుందురు. ఆ పేరు ఎవరిదో, ఆ యాసుపత్రి ఎవరెవరి చేతులమీదుగా నిలిచినదో ఎరిగినవారు మాత్రము కొలదిమంది.

కుగ్లరుగారు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీని అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగరమునకు చేరువనున్న ఆర్డుమోరు అను గ్రామమున జన్మించిరి. ఆ దినములలో స్త్రీలు వైద్యము చదువుట ఆ దేశమునందును వింతగనే యుండెను. పురుషులు చదువు కళాశాలలు పెక్కింటికి స్త్రీలను రానిచ్చెడివారు కారు. అందుచేత 1850లో ఫిలడెల్ఫియాయందు స్త్రీలకొరకే యొక వైద్యకళాశాలను స్థాపించిరి. కుగ్లరుగారు అందు చదివి 1879లో పట్టము నొందిరి. మన దేశపు తొలి స్త్రీ వైద్యులలో నొకరగు ఆనందీబాయి జోషిగారు ఆ కళాశాలయందే 1886లో పట్టము పొందిరని తెలిసికొన్నచో, సముద్రములకావలి యా విద్యాలయమునకు మనకునుగల బంధుత్వము స్పష్టమగును.

పట్టము పొందిన పిమ్మట కుగ్లరుగారు నారిస్‌టౌను అను పట్టణమున మతి చలించినవారికై యేర్పరచిన ఆసుపత్రిలో సహాయ వైద్యులుగా పనిచేసిరి. ఆ యాసుపత్రియందలి స్త్రీల విభాగమునకు డాక్టరు ఆలిస్ బెన్నెట్టు అను స్త్రీయే అధికారిణి. ఆ కాలమున అట్టి రోగులను పట్టాలతోను గొలుసులతోను కట్టియుంచుట పెక్కుచోట్ల ఆచారముగా నుండగా, బెన్నెట్టుగారు ఆ కట్లను మాన్పించి, రోగులకు చేతిపనులు నేర్పి, మంచిమాటతో వారిని దిద్దుటకు పూనుకొనిరి. కట్టువిప్పిన రోగిని కాపాడుట ఒక్క వైద్యుని తరము గాదు. రేయింబవళ్లు దగ్గరనుండువారందరును ఒకే తీరున మాటలాడవలెను, ఒకరు చూచినది మరియొకరికి తెలుపవలెను. వైద్యశాస్త్రము పుస్తకములలో చదివిన యువతికి ఆసుపత్రి యనగా నేమో తెలియుటకు ఇంతకంటె తగిన తావు వేరొకటి దొరకదని మేము తలచుచున్నాము.

గుంటూరునందు లూథరను మిషను పని 1842లో హయ్యరు దొరగారితో నారంభమైనది. నలువదియేండ్లు గడచినను స్త్రీలకు వైద్యముచేయు డాక్టరమ్మ యొక్కరును ఆ మిషనునకు లేకుండిరి. ఘోషాలోనుండు ముసల్మాను స్త్రీలును, ఆచారపరులగు హిందూకుటుంబముల స్త్రీలును పరపురుషుడగు వైద్యునికి నాడిని చూపుటకైనను సమ్మతించెడివారు కారు. ప్రసవమున కష్టమైనచో మంత్రసానియే గతి. ఆమె వలనను కానిచో విధి యని యూరకుండుటే గతి. ఈ కొరతను దెలుపుచు గుంటూరునుండి వచ్చిన పిలుపునకు కుగ్లరుగారు లోబడిరి. ఆమెను పంపిన స్త్రీల సంఘమువారు అప్పటికి వైద్యమిషను నారంభించుటకు సిద్ధముగా లేరు. అందుచే ఆమె ఉపాధ్యాయినిగా బయలుదేరవలసివచ్చెను. మందులను మాత్రము తమతో తెచ్చుకొనిరి. 1883వ సంవత్సరము నవంబరు నెలలో గుంటూరు చేరిరి. చేరిన మొదటి యేటనే 400కు మించిన రోగులను చూచిరి. 1885లోగాని ఆ సంఘమువారు ఆమెను వైద్యురాలిగా నియమింపలేదు.

ఆ తొలినాళ్ల కష్టములు పలువిధములు. భాష రాదు. ఆచారములు తెలియవు. పరదేశీయురాలు తాకినచో మైలయని తలచు ఇండ్లలో దూరముగా నిలిచియే రోగిని గూర్చి విచారింపవలసివచ్చెను. ఆమె తాకిన వస్తువులను కడిగికొనువారును కలరు. ఇట్టిచోట కోపగించుకొనువారు వైద్యము చేయజాలరు. కుగ్లరుగారు తెలుగు నేర్చిరి. బాలికల పాఠశాలల పనిని చూచుచు తల్లులతో పరిచయము చేసికొనిరి. తెలుగున మాటలాడు డాక్టరమ్మ వచ్చినదని తెలిసినకొలది తలుపులు ఒకటొకటిగా తెరచుకొనెను. మందుకంటె ముందు మాట ఇంటిలోనికి పోవలెనను సంగతి ఈ యనుభవముచేత మనకు తేటపడుచున్నది.

మాట తెలిసినను వేరొక చిక్కు మిగిలియే యుండెను. ఇంటివద్ద చేయు వైద్యమున వైద్యురాలు ఘడియసేపు మాత్రమే రోగివద్ద నుండును. ఆమె పోయిన తరువాత మందు వేళకు ఇచ్చువారెవరు? పథ్యమును కాచువారెవరు? జ్వరము హెచ్చినదో తగ్గినదో గమనించి చెప్పువారెవరు? అత్తగారికి చెప్పిన మాట కోడలికి చేరదు. కోడలికి తెలిసిన బాధ సిగ్గుచేత వైద్యురాలికి చేరదు. ఒకే పూటకిచ్చిన మందు మూడుపూటల కియ్యబడును, మూడుపూటలకిచ్చినది ఒకేసారి త్రాగింపబడును. ఈ కష్టము మన పెద్దలెరుగనిది కాదు. దీనికి నివారణ రెండే: రోగి యుండుటకు ఒక యాసుపత్రి, రోగియొద్ద నుండుటకు శిక్షణపొందిన నర్సులు.

కావున కుగ్లరుగారు 1889లో స్వదేశమునకు పోయినపుడు విశ్రాంతిని మాత్రమే కోరలేదు. వైద్యమున క్రొత్తగా వచ్చిన పద్ధతులను నేర్చికొని, ఆసుపత్రికి విరాళములు కూర్చుటకు పూనుకొనిరి. తిరిగివచ్చిన పిమ్మట గుంటూరునందు విశాలమైన స్థలము కొనబడెను. ముందు మందులిచ్చు శాలయు, ఆ దశాబ్దము ముగియకమున్నే స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రియు వెలసెను. 1895 ప్రాంతమున ఆమెకు ఇరువురు సహచరులు లభించిరి. ఒకరు డాక్టరు మేరీ బేరుగారు, మరియొకరు శిక్షణపొందిన నర్సగు కాథరిన్ ఫాస్‌గారు. అంతవరకు ఒంటరిగా నడచిన బండికి ఇప్పుడు జోడెద్దులు కట్టినట్లయ్యెను. నర్సుల పనియు, మన దేశపు యువతులను ఆ పనికి తీర్చిదిద్దుటయు ఫాస్‌గారి భారమయ్యెను.

ఆ యువతులు పూనిన పని ఎంత కఠినమైనదో నేటివారు ఊహించుట కష్టము. రోగి మలమూత్రములను శుభ్రపరచుట, పరుల వ్రణములను కడుగుట హీనమైన పనులని లోకమెంచుచుండెను. రాత్రివేళ ఇల్లు వీడి పనిచేయు స్త్రీని గూర్చి పదిమంది పదివిధములుగా చెప్పుకొనెడివారు. దక్షిణదేశపు మిషను ఆసుపత్రులలో తొలుత ఈ విద్యకు వచ్చినవారు చాలవరకు క్రైస్తవ బాలికలే. తలిదండ్రులు పిల్లలను పంపుటకు జంకిరి. జంకక వచ్చిన యువతులు లేనిచో కుగ్లరుగారి వైద్యము గుమ్మమువద్దనే ఆగియుండెడిది.

ఈ శిక్షణమునకు మూలము ఇంగ్లాండులోని ఫ్లారెన్సు నైటింగేలుగారు. 1854లో క్రిమియా యుద్ధమునకు 38 మంది నర్సులతో పోయిన యామె, 1860లో లండను నగరమున సెయింటు థామస్ ఆసుపత్రియందు నర్సుల పాఠశాలను స్థాపింపజేసిరి. అమెరికాలో 1873లో వెలసిన మూడు నర్సుల పాఠశాలలకు అదియే మాదిరి. అచటినుండి వచ్చిన నర్సులు ఆ విద్యను మన దేశమునకును తెచ్చిరి. నైటింగేలుగారు పరిచర్యను గూర్చి వ్రాసిన పుస్తకమున గాలి, వెలుతురు, శుభ్రతలతోపాటు మాటకును పెద్దపీట వేసిరి. రోగి వెనుక నిలిచి మాటలాడి యతనిని మెడ త్రిప్పునట్లు చేయరాదనియు, ఎదుట కూర్చుండి తొందరలేక మాటలాడవలెననియు, గది వెలుపల గుసగుసలాడి రోగికి భయము కలిగింపరాదనియు ఆమె బోధించిరి. తాను దగ్గర లేనప్పుడును, ఉన్నప్పుడు జరుగునట్లే పని జరుగునట్లు ఏర్పాటుచేయుటయే మంచి నర్సు లక్షణమని ఆమె మతము. ఈ కడపటి మాటను మా విద్యార్థులు రెండుమారులు చదువవలెనని కోరుచున్నాము.

ఇట్టి పాఠశాలలలో నేర్పు విద్యను స్థూలముగా నాలుగు భాగములుగా చెప్పవచ్చును. మొదటిది చూచుట. జ్వరమెంత, నాడి యెంత, ఆహారమెంత పోయినది, నిద్రపట్టినదా లేదా యని విద్యార్థిని కన్నులారా చూచి తెలిసికొనవలెను. బాగుగనే యున్నదని చెప్పుట పనికిరాదు. చూచినదానిని చూచినట్లు చెప్పవలెను. రెండవది వ్రాయుట. జ్ఞాపకము మోసగించును గాని కాగితము మోసగింపదు. మంచమువద్దనుండు చీటీమీద మందిచ్చిన వేళ వ్రాయనిచో, తరువాత వచ్చిన నర్సు ఆ మందునే మరల ఇచ్చుట కవకాశము కలదు.

మూడవది అప్పగించుట. పగటి నర్సు పోయి రాత్రి నర్సు వచ్చు ఘడియ రోగికి మిక్కిలి అపాయకరమైనది. రోగి యదే, మంచమదే. తెలిసినవారు పోవుదురు, తెలియనివారు వత్తురు. కావున పోవునామె వచ్చునామెకు ప్రతి మంచమువద్దను నిలిచి, ఏమి జరిగినదో, ఇంకను ఏమి చేయవలసియున్నదో, దేనిని కనిపెట్టియుండవలెనో చెప్పవలెను. వచ్చునామె వినుట చాలదు. విన్నదానిని తిరిగి పలికి సరిచూచుకొనవలెను. వైద్యుడు నోటితో చెప్పిన మందును, దాని పరిమాణమును నర్సు తిరిగి చెప్పుటయు ఇట్టిదే. మన యిండ్లలో సరుకుల పట్టీని అంగడివాడు ఒక్కొక్కటిగా తిరిగి చదివి వినిపించును గదా! ఉప్పుకు పప్పుకు చూపు జాగ్రత్తను ఔషధమునకు చూపకుండుట తగునా?

నాలుగవది ధైర్యముతో చెప్పుట. ఇది అన్నింటికంటె కష్టము. చిన్నవారు పెద్దలయెదుట నోరు విప్పరాదని మన బాలికలకు చిన్ననాటినుండి నేర్పుదుము. వినయము మంచిదే. కాని పెద్దలు పొరబడుట కండ్లజూచియు ఊరకుండుట వినయమనిపించుకొనదు. శస్త్రచికిత్స ముగించి కుట్లు వేయబోవు వైద్యునితో, లెక్కకు ఒక గుడ్డ తక్కువయైనదని క్రొత్త నర్సు చెప్పగలుగవలెను. చెప్పుటయందు మర్యాద ఆమె విధి. వినుటయందు ఓర్పు వైద్యుని విధి. ఈ రెండవ విధి నెరవేరని యాసుపత్రిలో మొదటిది త్వరలోనే చచ్చును. ఏలయన, ఒకమారు కసరబడిన పిల్ల రెండవమారు నోరు విప్పదు.

కుగ్లరుగారి యాసుపత్రియందు ఈ కలిసికట్టు వైద్యులతోను నర్సులతోను ఆగలేదు. మన దేశమున రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాదు. తల్లియో, అత్తయో, మేనత్తయో వెంటవచ్చును. వారు ఎచట నుండవలెను, ఎచట వండుకొనవలెను, వారి యాచారమునకు భంగము లేకుండుట ఎట్లు అను ప్రశ్నలు తేలనిదే ఆచారపరులగు కుటుంబములవారు లోపలికి రారు. ఏలూరు జమీందారుగారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యసహాయమునకు కృతజ్ఞులై, రోగుల బంధువులు బసచేయుటకు ఆసుపత్రికి చేరువనే యొక సత్రమును కట్టించిరి. ఒకప్పుడు తాకినచో మైలయన్న సమాజమునుండియే ఆసుపత్రికి చేయూత లభించుట గమనింపదగినది. దగ్గరనుండు బంధువులకు వ్యాధిని గూర్చి విడమరచి చెప్పినయెడల వారే నర్సునకు సహాయులగుదురు. చెప్పనియెడల భయముచేత మందుకు అడ్డుపడుదురు.

కలిసి పనిచేయు విద్యకు మరియొక గుణము కలదు. అది ఒకచోట కుదురుకొన్నచో వేరొకచోటికి పాకును. డాక్టరు బేరుగారు గుంటూరునుండి చీరాలకు పోయి అచట ఆసుపత్రిని నెలకొల్పిరి. అది నేటికిని బేరు పేరనే పిలువబడుచున్నది. వేలూరునందు ఐడా స్కడ్డరుగారి యాసుపత్రిలో 1909లో నర్సుల శిక్షణమును, 1918లో స్త్రీల వైద్యపాఠశాలయు ఆరంభమయ్యెను. 1926లో మద్రాసు రాజధానియందు నర్సులను మంత్రసానులను గూర్చిన చట్టము వచ్చి, శిక్షణపొందినవారి పేర్లు నమోదుచేయు ఏర్పాటు కలిగెను. హీనమనిపించుకొన్న పని యీ విధముగా నియమములుగల విద్య యయ్యెను.

ప్రభుత్వమువారు కుగ్లరుగారి సేవను మెచ్చి 1905లో కైసరె హిందు పతకమును, 1917లో దానికి తోడుగా మరియొక గౌరవమును ఇచ్చిరి. 1928లో ఆమె గుంటూరు మిషను ఆసుపత్రి చరిత్రమును పుస్తకముగా వెలువరించిరి. ఆ గ్రంథమునకు తమ పేరు పెట్టుకొనక ఆసుపత్రి పేరు పెట్టుట ఆమె స్వభావమునకు తగియున్నది. 1930వ సంవత్సరము జూలై 26వ తేదీని గుంటూరునందే స్వర్గస్థులైరి. తరువాతి కాలమున ఆ యాసుపత్రికి ఆమె పేరే పెట్టబడెను. ఆమె కన్నుమూసిన మరునాడును వార్డులలో వేళకు మందులందవలసినదే, రాత్రి నర్సు పగటి నర్సుకు అప్పగింత చెప్పవలసినదే. ఒకరు పోయినను పని నిలువకుండుటకంటె ఆ పనిని స్థాపించినవారికి వేరే స్మారకము అక్కరలేదు.

ఇవి పాతకాలపు సంగతులని మా విద్యార్థులు తలపకుందురు గాక. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు శస్త్రచికిత్సకై 19 అంశముల పట్టిక నొకదానిని వెలువరించిరి. అందు కత్తి పట్టుటకు ముందు, గదిలోనున్నవారందరును తమతమ పేర్లను, పనులను పైకి చెప్పుకొనవలెనను నియమము కలదు. ముగింపున గుడ్డలును పనిముట్లును లెక్కించి నర్సు పైకి చెప్పవలెను. ఢిల్లీతో కూడ ఎనిమిది నగరములలో ఈ పట్టికను పరీక్షించి 2009లో ఫలితములను ప్రకటించిరి. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి దిగెను, చికిత్సానంతర బాధలు నూటికి 11 నుండి 7కు తగ్గెను. క్రొత్త మందేదియు వాడబడలేదు. కాని తరువాత కొన్నిచోట్ల అదే పట్టికవలన అంత మేలు కనబడలేదు. కాగితముమీద గీతలు గీచినంతమాత్రమున ఫలములేదు. ఒకరితో నొకరు నిజముగా మాటలాడవలెను.

అట్లే, రోగి స్థితిని వైద్యునికి తెలుపుటకు నేటి నర్సు విద్యార్థినులకు నాలుగు మెట్లుగల పద్ధతిని నేర్పుచున్నారు: ఇప్పుడు ఏమి జరుగుచున్నది, ఇంతకుముందు ఏమి జరిగినది, నాకేమి తోచుచున్నది, ఏమి చేయవలెనని కోరుచున్నాను. ఇది అమెరికా నౌకాదళపు జలాంతర్గాములనుండి ఆసుపత్రులకు వచ్చినది. దీనిని పుస్తకమున చదువుట చాలదని తెలిసి, విద్యార్థినులలో ఒకరిని రోగిగా, ఒకరిని వైద్యునిగా, ఒకరిని నర్సుగా, ఒకరిని రోగి తల్లిగా నిలిపి నాటకమువలె ఆడించి, పిదప ఎచట మాట తప్పినదో అందరునుగూడి విచారించుకొందురు. తప్పు బొమ్మమీద జరిగినచో నవ్వుకొని దిద్దుకొనవచ్చును. రోగిమీద జరిగినచో దిద్దుకొనుటకు అవకాశముండదు.

మన పాఠశాలనుండి నర్సు విద్యకు పోగోరు బాలబాలికలకు మేము చెప్పునది ఇదియే. లెక్కలును శాస్త్రమును బాగుగ చదువుడు. వానితోపాటు విన్న కబురును మార్చక చేరవేయుట, తెలియనిది తెలియదని చెప్పుట, తోటివాని పొరపాటును అవమానింపక తెలుపుట, తన పొరపాటును ఎత్తిచూపినవానిపై అలుగకుండుట ఇచటనే అలవరచుకొనుడు. బంతియాటయందును, తరగతి ఊడ్చు వంతులయందును, సైన్సుగదిలోని ప్రయోగములయందును ఇవి ప్రతిదినము అభ్యసింపదగినవే. బాగుగ చదువు పిల్ల ఒంటరిగా మొదటి స్థానము పొందవచ్చును. ఆసుపత్రిలో ఒంటరి మొదటి స్థానమనునది లేదు.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డ ఈ వృత్తిని కోరినయెడల, లోకమేమనునో యని వెనుకకు లాగకుడు. నూరేండ్లకు పూర్వము అట్టి మాటలకు జంకని తలిదండ్రులు కొందరుండుటచేతనే ఎందరో తల్లులు బ్రదికి తమ బిడ్డలను ఎత్తుకొనిరి. ఉపాధ్యాయులమగు మాకును ఒక కర్తవ్యము కలదు: చిన్నవారు మర్యాదతో చెప్పిన మాటను మేమును ఓర్పుతో వినవలెను. అట్లు వినబడిన పిల్లలే రేపు రోగి మంచమువద్ద నిలిచి, చెప్పవలసిన మాటను చెప్పవలసిన వేళ చెప్పగలవారగుదురు.